రాసేదెవరు, కొట్టేసేదెవరు

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరు ఒకే రోజు ఒకే పోలింగ్ సెంటర్‌కి వెళ్తే ఒకరి చేతికి పొడుగాటి బ్యాలెట్ రావచ్చు, ఇంకొకరికి పొట్టిది రావచ్చు. పొడుగు దాంట్లో గవర్నర్ నుంచి స్కూల్ బోర్డు దాకా అన్నీ ఉంటాయి, పొట్టి దాంట్లో ప్రెసిడెంట్, సెనేటర్, కాంగ్రెస్ మెంబర్, అంతే. ఇద్దరూ ఆ దేశానికి ట్యాక్స్ కట్టే మనుషులే. తేడా అల్లా ఒకరు రిజిస్టర్ అయ్యేటప్పుడు సిటిజన్‌షిప్ కాగితం చూపించారు, రెండో ఆయన నేను పౌరుణ్ణే అని ప్రమాణం చేసి సంతకం పెట్టి ఊరుకున్నాడు.

వినడానికి విడ్డూరంగా ఉంది గానీ దీని వెనక ఇరవై ఏళ్ల గొడవ ఉంది. 2004లో అరిజోనా జనం ప్రాపొజిషన్ 200 అని ఒకటి పాస్ చేశారు, ఓటరుగా చేరాలంటే పౌరసత్వానికి డాక్యుమెంట్ పెట్టాల్సిందే అని. కానీ 1993 నుంచే ఫెడరల్ చట్టం ఒకటి ఉంది, జనం మోటర్ వోటర్ అంటారు, డ్రైవింగ్ లైసెన్స్ కోసం వెళ్లినచోటే ఓటుకీ అప్లై చేసుకోవచ్చు, దాంతోపాటు ఒక కామన్ ఫారం ఉంటుంది, దాదాపు అన్ని రాష్ట్రాలూ దాన్ని తీసుకోవాల్సిందే, అబద్ధం చెప్తే శిక్ష పడుతుందని తెలిసి సంతకం పెడితే చాలు, కాగితాలు అక్కర్లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 2013లో 7-2తో అరిజోనా ఓడిపోయింది. తీర్పు రాసింది జస్టిస్ స్కాలియా, ఆయన్ని లిబరల్ అని శత్రువులు కూడా అనలేరు. అప్పుడు అరిజోనా ఏం చేసిందంటే, సరే మీ ఫారంతో వచ్చినోళ్లకి మీ పదవులకే ఓటు, మా రాష్ట్రం పదవులకి మా రూలు మాదే అంది. అలా పుట్టింది ఈ పొట్టి బ్యాలెట్.

(నార్త్ డకోటాలో అసలు ఓటరు రిజిస్ట్రేషనే లేదు, 1951లోనే ఎత్తేశారు. ఐడీ పట్టుకెళ్లి ఓటేసి రావడమే. అక్కడేమీ ఆకాశం ఊడిపడలేదు.)

కాగితం చూపించమనడంలో తప్పేముంది అని చాలామందికి అనిపిస్తుంది, మొదట్లో మాకూ అలాగే అనిపించింది. కాన్సస్‌లో జరిగింది చదివాక మా అభిప్రాయం మారింది. అక్కడ 2013 నుంచి ఇదే రూలు పెడితే 31,089 మంది అప్లికేషన్లు ఆగిపోయాయి, అంటే కొత్తగా అప్లై చేసినవాళ్లలో నూటికి 12 మంది. సరే ఇంతమందిని ఆపి ఎంతమంది దొంగల్ని పట్టుకున్నారు అని కోర్టులో అడిగితే, 19 ఏళ్లలో లిస్టులోకి ఎక్కిన పౌరులు కానివాళ్లు మహా అయితే 39 మంది అని తేలింది. అందులోనూ పొరపాటున ఎక్కినోళ్లున్నారు. 2018లో ఆ చట్టాన్ని కొట్టేసిన జడ్జి జూలీ రాబిన్సన్‌ని వేసింది రిపబ్లికన్ ప్రెసిడెంట్ జార్జ్ బుష్, 2020లో అప్పీల్ కోర్టు కూడా ఆమె తీర్పునే నిలబెట్టింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, అది ఇదే.

అమెరికా రాజ్యాంగం ఈ పనిని పంచిన తీరు చిత్రంగా ఉంటుంది. ఎవరు ఓటరో తేల్చేది ఎక్కువగా రాష్ట్రాలు, ఎలక్షన్ ఎప్పుడు ఎక్కడ ఎలా అన్న రూల్స్ కూడా ముందు రాష్ట్రాల చట్టసభలవే, అయితే కాంగ్రెస్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చట్టం చేసి వాటిని మార్చొచ్చు. మొదటి ఆర్టికల్ నాలుగో సెక్షన్ ఇదే చెప్తుంది. ఆ సెక్షన్‌లో ఎంత వెతికినా ప్రెసిడెంట్ అన్న మాటే కనపడదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరికి.

రాష్ట్రాలకే వదిలేస్తే పోలా అనేవాళ్లకి మిసిసిపీ చూపించాలి. 1965కి ముందు అక్కడ ఓటరు లిస్టులో ఉన్న నల్లజాతి వాళ్లు 7 శాతం కూడా లేరు, లిటరసీ టెస్టులు, ఓటేయాలంటే కట్టాల్సిన పోల్ ట్యాక్సులు, క్లర్కు మూడ్‌ని బట్టి ప్రశ్నలు. ఆ ఏడాది వోటింగ్ రైట్స్ యాక్ట్ వచ్చి ఫెడరల్ అధికారులు స్వయంగా దిగి పేర్లు రాసుకుంటే రెండేళ్లలో అది 60 శాతం దగ్గరికి పోయింది. మనుషులు అవే, ఊళ్లు అవే, పెన్ను మారింది అంతే.

అలాగని రాష్ట్రాల హక్కులు అనే మాట ఎవరి నోట వచ్చినా ఇప్పుడు మాకు నమ్మబుద్ధి కావట్లేదు. 2021 మార్చిలో డెమోక్రాట్లు దేశమంతా ఒకే రూలు, ఆటోమేటిక్ రిజిస్ట్రేషన్ అని బిల్లు తెచ్చి కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌లో 220-210తో గెలిపిస్తే రిపబ్లికన్లు రాష్ట్రాల పెత్తనం లాక్కుంటున్నారని లబలబలాడారు, అది సెనేట్‌లో ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో రిపబ్లికన్లు సేవ్ యాక్ట్ తెచ్చారు, దేశంలో ఎవరు రిజిస్టర్ కావాలన్నా పాస్‌పోర్టో బర్త్ సర్టిఫికెటో ఏదో ఒక రుజువు చూపించాలని, అది 220-208తో హౌస్ దాటింది, ఈసారి ఫెడరల్ పెత్తనం అని గోల పెట్టింది డెమోక్రాట్లు. చొక్కా ఒకటే, వంతులవారీగా తొడుక్కుంటున్నారు.

అయినా అది కాంగ్రెస్ చేస్తే కనీసం దారి సరైనదే అని ఒప్పుకోవాలి, నచ్చకపోతే ఆ సభ్యుల్ని ఓడించొచ్చు. 2025 మార్చి 25న ట్రంప్ చేసింది వేరు. కాంగ్రెస్‌తో పనిలేకుండా ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టి ఆ ఫెడరల్ ఫారంలో డాక్యుమెంట్ రుజువు చేర్చమని ఎలక్షన్ అసిస్టెన్స్ కమిషన్‌కి హుకుం ఇచ్చారు. 2000లో ప్రెసిడెంట్ ఎలక్షన్ ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా మీద తేలిన గొడవ తర్వాత 2002లో పెట్టిన కమిషన్ అది, రెండు పార్టీలకీ సమానంగా సీట్లున్న బాడీ, ప్రెసిడెంట్ ఆఫీస్‌లో డిపార్ట్‌మెంట్ కాదు. వాషింగ్టన్ డీసీ ఫెడరల్ జడ్జి ఏప్రిల్‌లో దాన్ని ఆపేసి అక్టోబర్ 31న శాశ్వతంగా కొట్టేశారు, ఈ అధికారం ప్రెసిడెంట్‌కి లేదని. పైన గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడ పనికొచ్చింది. అదే ఏడాది జస్టిస్ డిపార్ట్‌మెంట్ రాష్ట్రాల దగ్గరున్న ఓటర్ల లిస్టులు లైసెన్స్ నంబర్లతో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలతో సహా ఇమ్మని అడిగింది, ఇవ్వం అని మొండికేసిన మెయిన్, ఒరెగాన్, కాలిఫోర్నియా లాంటి వాటి మీద కేసులేసింది. మేము ఆ రాష్ట్రాల వైపే ఉన్నాం.

ఇదంతా మనకెందుకు అంటే డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న మీ మేనల్లుణ్ణి అడగండి. హెచ్1బీ మీద పోయి, గ్రీన్‌కార్డ్ కోసం ఏళ్లకి ఏళ్లు కాసుకుని, ఇంకో ఐదేళ్లాగి సిటిజన్ అయినోడు, మధ్యలో ఎప్పుడో లైసెన్స్ తీసుకుని ఉంటాడు, ఆ ఆఫీస్ రికార్డులో వాడు ఇంకా విదేశీయుడే. 2019 జనవరిలో టెక్సస్ ఇలాంటి పాత లైసెన్స్ రికార్డుల్ని ఓటరు లిస్టుతో పోల్చి 95 వేల మంది మీద అనుమానం ఉందని ప్రకటించింది, టీవీల్లో దొంగ ఓట్లు దొంగ ఓట్లు అని ఒకటే మోత. తీరా కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) చూసుకుంటే వేలకి వేలమంది లైసెన్స్ తర్వాత సిటిజన్ అయి, పద్ధతి ప్రకారం రిజిస్టర్ చేసుకున్నవాళ్లే. ఏప్రిల్‌కల్లా రాష్ట్రం వెనక్కి తగ్గి, కేసు వేసినవాళ్ల లాయర్లకి నాలుగున్నర లక్షల డాలర్లు కట్టింది, ఆ పని చేయించిన సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే రాష్ట్రంలో ఎలక్షన్లు చూసే పెద్ద అధికారి, మేలో కుర్చీ దిగాడు. ఇక మన పేర్ల సంగతి చెప్పేదేముంది, ఇంటిపేరు ముందొకచోట వెనకొకచోట, పెళ్లయ్యాక ఒక పేరు, ఇండియా పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్, ఏ కంప్యూటర్ మ్యాచ్ చేస్తుంది వీటిని?

పుట్టుకతో పౌరులైనవాళ్లకీ రికార్డుల పాట్లు తప్పలేదు. అరిజోనాలోనే 2024 ఎలక్షన్‌కి నెలన్నర ముందు ఒక తప్పు బయటపడింది, 1996 అక్టోబర్‌కి ముందు లైసెన్స్ తీసుకున్న చాలామంది రుజువు చూపించేసినట్టు సిస్టమ్ రాసేసుకుంది, ముందు 98 వేలన్నారు తర్వాత 2 లక్షల 18 వేలన్నారు. పాపం వాళ్ల తప్పేం లేదు కాబట్టి పొడుగు బ్యాలెటే ఇవ్వమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై ఏళ్లు రుజువు రుజువు అని అరిచిన ప్రభుత్వానికి ఎవరు రుజువిచ్చారో దానికే తెలీదు.

మన దగ్గర అంతా ఒకే ఎలక్షన్ కమిషన్, ఒకే ఫారం 6, ఈ బాధలుండవు అనుకుంటాం గానీ 2025లో బిహార్ ఓటరు లిస్టు ప్రత్యేక సవరణ (సర్ అంటున్నారే, అది) చూశాం కదా, ఆగస్టు 1 డ్రాఫ్ట్ లిస్టులో 65 లక్షల పేర్లు లేవు, ఏ పేరు ఎందుకు పోయిందో బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఢిల్లీ చేతిలో ఉన్నంత మాత్రాన లిస్టు దానంతటదే శుభ్రమైపోదు.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. కనీస రూలు కాంగ్రెస్ చట్టంతో రావాలి, నడిపేది రాష్ట్రాలూ కౌంటీలూ, ఏ రాష్ట్రమైనా ఓటు ఇంకా సులువు చేసుకోవచ్చు గానీ ఆ కనీసం కంటే కిందికి పోకూడదు. ఒకసారి లిస్టులోకెక్కిన మనిషి పౌరుడు కాదని అంటే ఆ మాట అన్న ఆఫీసే రుజువు పెట్టాలి, ఆ మనిషికి ముందు ఉత్తరం రాయాలి, టైమివ్వాలి. ఎలక్షన్‌కి 90 రోజుల లోపు పేర్లు గంపగుత్తగా తీయొద్దని 1993 చట్టంలో ఉంది, దాన్ని కాగితం మీద ఉంచడం కాదు పాటించాలి, 2024లో వర్జీనియా ఆ గడువు లోపలే 1,600 పేర్లు తీస్తే సుప్రీంకోర్టు అడ్డుకోలేదు, అది మాకు నచ్చలేదు.

అమెరికాలో ఓటున్న మనోళ్లకి ఒక్క మాట. సిటిజన్‌షిప్ వచ్చాక సోషల్ సెక్యూరిటీ ఆఫీస్‌లో మీ స్టేటస్ దానంతటదే మారిపోయిందని అనుకోకండి, మారిందో లేదో కనుక్కుని, మారకపోతే వెళ్లి మార్పించుకోండి, లైసెన్స్ ఆఫీస్‌లోనూ అంతే. ఫెడరల్ డేటాబేస్‌తో ఓటరు లిస్టుల్ని పోల్చేటప్పుడు ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ రికార్డులు కూడా చూస్తున్నారు. కౌంటీ వెబ్‌సైట్‌లో మీ పేరు ఉందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, ఎలక్షన్ నెలలో కాదు, ఇవాళే చూసుకోండి.