సీసం లేని పసుపు రంగు అంత తేలిక కాదు

పెయింట్లలో సీసం ఉండే క్రోమ్ ఎల్లో అనే పసుపు రంగు బదులు ఆర్గానిక్ (కార్బన్ ఆధారిత) పసుపు రంగు వాడితే చాలని ఒకరు రాశారు. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదు కాబట్టి మార్చక తప్పదు, నిజమే. కానీ ఆర్గానిక్ పసుపు ఎంత నిగనిగలాడినా కింది రంగును సరిగా కప్పదండీ, రెండు కోటింగులు వేసినా పాత గోడ మరక తొంగిచూస్తుంది. కప్పే పని బిస్మత్ వనాడేట్, టైటానియం డయాక్సైడ్ లాంటి ఇనార్గానిక్ (ఖనిజ తరహా) రంగు పొడులది. ఈ రెండు రకాలనూ ఊరికే కలిపితే రంగులు విడిపోయే టెన్షన్ ఉంటుంది, అందుకే కొన్నిటిలో ఇనార్గానిక్ రేణువు మీదే ఆర్గానిక్ పొర పట్టిస్తారు. ప్లాస్టిక్‌లో ఇంకో తంటా: డయారిలైడ్ అనే రకం ఆర్గానిక్ పసుపు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే విచ్ఛిన్నమై హానికర పదార్థాలు వదులుతుంది. ఈ ఆర్గానిక్-ఇనార్గానిక్ జోడీ కొత్తదేం కాదు, మధ్య అమెరికాలోని ప్రాచీన మాయన్లు ఆర్గానిక్ రంగైన నీలిమందును బంకమట్టితో కలిపి వేడిచేసి చేసిన నీలం శతాబ్దాలైనా వెలవలేదు.