సీసీ కన్నా ముందు బరువు చూడండి
"ట్రైల్ బండికి (మట్టిదారుల్లో, కొండబాటల్లో నడిపే బైక్‌కి) సీసీ, అంటే ఇంజన్ పరిమాణం, ఎంత పెరిగితే అంత మేలు" అని ఒక వ్యాసంలో రాసిన మాట మన అనంతగిరి కొండదారులకు పొసగదండీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, అంతకన్నా చిన్న ఇంజన్ ఉన్న హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ దాదాపు 158. ఎర్రమట్టి గాడిలో పడ్డ బండిని ఒక్కరే లేపేటప్పుడు ఆ తేడాయే నడుం విరుస్తుంది. లగేజీతో లడఖ్ వెళ్ళేవాళ్ళకైతే 450 మంచిదే.

ట్యూబ్ టైర్లయితే మట్టిదారి మొదట్లో గాలి 20 పీఎస్ఐకి దించండి. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఒక్కదానికే ప్యాచ్ వేస్తే మళ్ళీ దిగిపోతుంది, రెండోది వెతకండి. ఎక్స్‌పల్స్‌కి ముందు చక్రం సైజు 21 అంగుళాల ట్యూబ్ ఒకటి వెంట ఉంచుకోండి. అవసరానికి వెనక 18 అంగుళాల చక్రంలోనూ సర్దుకుంటుంది. తారురోడ్డు ఎక్కగానే గాలి మళ్ళీ నింపడం మాత్రం మరవొద్దు.