సోలార్ ప్లాంటు పెట్టండి, తాళంచెవి మాత్రం పంచాయతీ చేతికివ్వండి

ప్రతి ఏడూ ఎండాకాలం వచ్చేసరికి టీవీల్లో రెంటచింతల పేరు రావాల్సిందే. రాష్ట్రంలోనే ఎక్కువ ఎండ అని ఒక స్క్రోలింగ్, కాసేపటికి పల్నాడులో తాగునీటి ఎద్దడి, బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్లు అని ఇంకో స్క్రోలింగ్. ఈ రెండు వార్తల్ని వేర్వేరుగా చూడటం మనకి అలవాటైపోయింది. వేర్వేరు కాదంటున్నా నేను. నీళ్లకి ఎప్పుడు ఎక్కువ ఇబ్బంది పడతామో సరిగ్గా అప్పుడే మన నెత్తిన ఎండ కూడా దంచి కొడుతుంది, ఆ ఎండతో కరెంటు చేసి ఆ కరెంటుతో ఊరి బోరు నీళ్లని తాగే నీళ్లుగా మార్చుకునే టెక్నాలజీ ఇప్పుడు మామూలు మెకానిక్ చేతికందేంత దగ్గరకొచ్చింది. ఇంకా ఎందుకు ఆగుతున్నామో నాకర్థం కావట్లేదు, నిజానికి అర్థమవుతూనే ఉంది, అది తర్వాత చెప్తా.

ఫ్లోరైడ్ సంగతి ఈ ప్రాంతం వాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. దేశంలో ఫ్లోరోసిస్‌ని డాక్టర్లు మొదటిసారి రికార్డు చేసింది 1937లో, అదీ మన పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి వైపు. దగ్గర దగ్గర తొంభై ఏళ్లు. ఆ జబ్బు ఇవాళ్టికీ వినుకొండ, బొల్లాపల్లి, కనిగిరి అనగానే గుర్తొస్తుంది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా పర్లేదు, వేరే దారే లేకపోతే 1.5 దాకా అని నాణ్యతా ప్రమాణాలు పెట్టే మన బీఐఎస్ లెక్క. అది దాటిన నీళ్లు చిన్నప్పట్నుంచి తాగితే పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి, తర్వాత మందు లేదు. ఇటు కృష్ణా డెల్టా చివరకెళ్తే ఇంకో బాధ, రేపల్లె, నిజాంపట్నం, నాగాయలంక వైపు బోరు వేస్తే ఉప్పు నీళ్లే, కాలువ కట్టేసే లోపు చెరువు నింపుకోకపోతే ఆ ఊరికి మే నెలంతా ట్యాంకరే దిక్కు.

సోలార్‌తో నీళ్ల శుద్ధి అనగానే చాలామంది ఎండలో నీళ్లు మరగబెట్టడం అనుకుంటున్నారు, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అద్దాల పెట్టెలో నీళ్లు పోసి ఆవిరి చేసి ఆ ఆవిరిని పట్టుకోవడం పాత పద్ధతి, చిలీలో 1872లోనే ఒక గనుల ఊళ్లో పెద్ద ఎత్తున చేశారు. పని చేస్తుంది. కానీ లీటరు నీళ్లు ఆవిరవ్వాలంటే సుమారు 0.63 యూనిట్ల వేడి కావాలి, అందుకే చదరపు మీటరు అద్దానికి రోజంతా కలిపి వచ్చేది 3 నుంచి 5 లీటర్లు, ఊరికి నీళ్లివ్వాలంటే ఎకరాల కొద్దీ అద్దాలు పరవాలి. ప్లాస్టిక్ బాటిల్లో నీళ్లు పోసి ఆరు గంటలు ఎండలో పెట్టే పద్ధతి ఇంకోటుంది, తేటగా ఉన్న నీళ్లయితే క్రిముల్ని చంపుతుంది, మబ్బు పడితే రెండ్రోజులు పెట్టాలి, అత్యవసరానికి మంచిదే, కానీ ఫ్లోరైడ్‌నీ ఉప్పునీ అది ముట్టుకోదు. కాబట్టి మన పల్నాడుకీ మన తీరానికీ కావాల్సింది ఎండ వేడి కాదు, ఎండతో తీసిన కరెంటు.

లెక్క చూడండి, ఇది ఎవరైనా కాగితం మీద వేసుకోగల లెక్కే. రెండు వేల మంది ఉన్న ఊరు, మనిషికి తాగడానికీ వండటానికీ రోజుకి 5 లీటర్లు, మొత్తం 10 వేల లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 500. మన బోరు నీళ్లలాంటి ఓ మోస్తరు ఉప్పదనానికి ఆర్వో ప్లాంటు వెయ్యి లీటర్లకి రెండు మూడు యూనిట్లు తింటుంది. బోరు మోటారు కూడా కలుపుకుంటే రోజుకి 30 నుంచి 40 యూనిట్లు. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ సగటున రోజుకి నాలుగు యూనిట్లిస్తుంది, అంటే 10 కిలోవాట్లు చాలు. వాటికి కావాల్సిన జాగా వెయ్యి చదరపు అడుగులు. ఏ ఊళ్లోనైనా స్కూలు శ్లాబో పంచాయతీ ఆఫీసు శ్లాబో అంతకంటే పెద్దదే ఉంటుంది. ఇందులో రాకెట్ సైన్స్ ఏం లేదు.

ఇక నన్ను బాగా ఆకట్టుకున్న విషయం. సోలార్ అనగానే రాత్రి సంగతేంటి, మబ్బు పడితే ఏంటి, బ్యాటరీలు ఎవడు మారుస్తాడు అని అడుగుతారు, ఇంటి కరెంటుకి ఆ ప్రశ్న కరెక్టే, ఎందుకంటే ఫ్యాను రాత్రే తిరగాలి. కానీ నీళ్లకి ఆ బాధ లేదు. నీళ్లని పగలే శుద్ధి చేసి ట్యాంకులో పెట్టుకుంటే రాత్రీ తాగొచ్చు, రేపు పొద్దున్నా తాగొచ్చు. కరెంటు దాచాల్సిన పనే లేదు, నీళ్లు దాచుకుంటే చాలు, ఊరికి నీళ్ల ట్యాంకే బ్యాటరీ. సోలార్‌లో ఖరీదైనదీ, ముందు పాడైపోయేదీ బ్యాటరీయే కదా, దాన్నే తీసి పక్కన పెట్టేయొచ్చు. వ్యవసాయానికి తొమ్మిది గంటల పగటి కరెంటు అని ఎన్నేళ్లు కొట్లాడామో గుర్తుందా, తాగే నీళ్లకి ఆ పగటి కరెంటు పైనుంచి ఊరికే పడుతోంది.

ఆర్వోకి ఒక ఇబ్బంది ఉన్న మాట నిజం. మబ్బు వచ్చి ప్రెజర్ తగ్గితే మెంబ్రేన్ అనే వడపోత పొర గుండా ఉప్పు ఎక్కువ జారుతుంది, కాబట్టి లైను కరెంటు తోడు ఉంచుకుని, మిగిలిన సోలార్ కరెంటు లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటర్ పెట్టుకోవడమే మేలు. దీనికి ఇంకా మంచి దారి కూడా వచ్చింది. ఎలక్ట్రోడయాలసిస్ అంటారు, ఆర్వోలాగా నీళ్లని గట్టిగా తోసి ఉప్పుని వెనక ఆపడం కాకుండా కరెంటు పెట్టి నీళ్లలోంచి ఉప్పునే పక్కకి లాగేస్తుంది, ఫ్లోరైడ్ కూడా అలాగే పోతుంది, క్రిములు పోవు కాబట్టి వెనకాల యూవీ లైటు పెట్టుకోవాలి. ఓ మోస్తరు ఉప్పు నీళ్లకి కరెంటు తక్కువ తింటుంది, అన్నిటికంటే ముఖ్యంగా నీళ్లు చాలా తక్కువ పారబోస్తుంది. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పని చేస్తున్నారు, హైదరాబాద్ దగ్గర చెల్లూరు అనే ఊళ్లో కూడా ప్రయోగాలు చేశారు, వాళ్లూ మన దేశపు జైన్ ఇరిగేషన్ వాళ్లూ కలిసి 2015లో అమెరికా ప్రభుత్వ సంస్థ పెట్టిన డీసాల్ ప్రైజ్ గెలిచారు. 2024లో ఎంఐటీ వాళ్లు బయటపెట్టిన మెషీన్‌కైతే అసలు బ్యాటరీయే లేదు, ఎండ ఎంతుంటే అంత స్పీడు, మబ్బొస్తే తనంతట తనే తగ్గించుకుంటుంది, న్యూమెక్సికోలో ఆరు నెలలు నడిపితే ప్యానెళ్లు ఇచ్చిన కరెంటులో సగటున 94 శాతం వాడుకుని రోజుకి 5 వేల లీటర్ల దాకా ఇచ్చింది. మన పక్కనున్న పల్లెలో పరీక్షలు చేసిన టెక్నాలజీ అమెరికా ఎడారిలో పాసైంది, మన జిల్లాల్లో మాత్రం ఒక్క టెండర్ నోటీసులో కూడా దాని పేరు నాకు కనపడలేదు.

అవతలి వాళ్ల వాదన ఏంటంటే ఇవన్నీ తాత్కాలికం, శాశ్వత పరిష్కారం పైపులో కృష్ణా నీళ్లే, ఇంటింటికీ కుళాయే అని. కాదనట్లేదు, ఇంటికి కుళాయి రావాల్సిందే. కానీ 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ 2024కి అయిపోవాలి, ఇప్పుడు 2028 అంటున్నారు. ఇంకోటి, నది ఎండితే పైపులో ఏమొస్తుంది? 2023 నవంబర్ చివర్లో నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడింది తాగునీళ్ల కోసం కుడి కాలువకి వదలడం దగ్గరే కదా. కుళాయి వచ్చేదాకా ఆ బోరు నీళ్లు తాగే పిల్లాడి ఎముకలు ఆగవు. జల్ జీవన్ గైడ్‌లైన్స్‌లోనే ఇలాంటి ఊళ్లకి పైపు వచ్చేలోపు మనిషికి రోజుకి 8 నుంచి 10 లీటర్లిచ్చే శుద్ధి ప్లాంట్లు పెట్టమని రాసుంది కూడా.

అలాగని కనపడిన చోటల్లా ఆర్వో పెట్టమని కాదు. విజయవాడలో కృష్ణా నీళ్లొచ్చే ఇళ్లలో కూడా ఆర్వో మెషీన్లు, లీటరు తాగడానికి రెండు లీటర్లు సింకులో పోసుకుంటున్నాం. లీటరు నీళ్లలో కరిగిన లవణాల లెక్క, అంటే టీడీఎస్, 500 మిల్లీగ్రాముల లోపున్న చోట ఆర్వో వద్దని నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. సిటీల్లో మన సమస్య ఉప్పు కాదు, క్రిములు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో డయేరియాతో జనం చనిపోయింది తాగునీటి పైపులో మురుగు కలిసి. దానికి కావాల్సింది సరైన క్లోరిన్, మంచి పైపులు, చివర్లో ఫిల్టరూ యూవీ లైటూ. చిన్న యూవీ యూనిట్‌కి ఒక బల్బంత కరెంటు చాలు, ఒక్క ప్యానెల్‌తో నడుస్తుంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు చూశాం కదా, చుట్టూ నీళ్లు, మేడ మీద మనుషులు, కరెంటు లేదు, తాగడానికి చుక్క లేదు, ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతుంటే డ్రోన్లతో వాటర్ బాటిళ్లు పంపించుకున్నాం. ప్రతి స్కూలు మేడ మీదా రెండు ప్యానెళ్లూ ఒక ఫిల్టరూ ఉండి ఉంటే ఆ ట్యాంకుల్లో మిగిలిన నీళ్లతో ఆ రెండ్రోజులు చంటి పిల్లల తల్లులకైనా ధైర్యంగా ఉండేది. ఆ వరద తర్వాత ఎన్ని రిపోర్టులొచ్చాయో, ఇంత చిన్న ఏర్పాటు గురించి మాట్లాడినవాళ్లు మాత్రం నాకు కనపడలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మనకి ప్లాంట్లు కొత్త కాదు. 2014 అక్టోబర్ 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలైంది, 2 రూపాయలకి 20 లీటర్లు. మంచి ఆలోచన. మరి ఆ తర్వాత చాలా ఊళ్లలో షెడ్డు మిగిలింది, బోర్డు మిగిలింది, నీళ్లు ఆగిపోయాయి, ఎందుకు? మిషన్ చెడ్డది కాదు. ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, మెంబ్రేన్ మార్చే రోజు ఎవరూ రారు. రోజుకి 500 క్యాన్లు, క్యాను 2 రూపాయలు, నెలకి 30 వేలు. అందులో ఆపరేటర్ జీతం పోవాలి, క్యాట్రిడ్జులూ కెమికల్సూ పోవాలి, రెండు మూడేళ్లకోసారి మెంబ్రేన్లకి దాచాలి, అప్పుడు కరెంటు బిల్లు వస్తుంది. బిల్లు కట్టాక దాచడానికేమీ మిగలదు, మెంబ్రేన్ పోయిన రోజు ప్లాంటుకి తాళం. ఆ మర్నాటి నుంచే ఊళ్లోకి ప్రైవేటు ఆటో వస్తుంది, అదే క్యాను పదో ఇరవయ్యో. సోలార్ ఇక్కడ చేసే పని ఇదీ, పర్యావరణం మాట తర్వాత, ముందు ఆ కరెంటు బిల్లు అనే ఖర్చుని తీసేస్తుంది, ఆ డబ్బు మెంబ్రేన్‌కి మిగులుతుంది, ప్లాంటు బతుకుతుంది.

పంచాయతీల మెడకి కరెంటు బిల్లు ఎంత ఉరో సర్పంచుల్ని అడగండి. 2021లో ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాల్లో పడ్డవి పడ్డట్టే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) బకాయిల కింద సర్దేశారని పార్టీలతో సంబంధం లేకుండా సర్పంచులు ఆందోళన చేశారు. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీళ్లకీ పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టి ఇచ్చారు, ఆ డబ్బుతో ఊరికి నీళ్లు రావాలి గానీ మోటారు బిల్లుకి పోవడమేంటి? రాజ్యాంగం 73వ సవరణ చేసి 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు పంచాయతీలకి రాసిచ్చారు, అందులో 11వది తాగునీరు, 15వది సంప్రదాయేతర ఇంధనం, అంటే సోలార్ లాంటివి. రెండూ ఒకే జాబితాలో ఉన్నాయి, రెండూ ఊరివే. కానీ ఇవాళ నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ అయిన ఆర్‌డబ్ల్యూఎస్ చేతిలో, సోలార్ రాష్ట్ర సంప్రదాయేతర ఇంధన సంస్థ అయిన నెడ్‌క్యాప్ చేతిలో, మీటరు డిస్కమ్ చేతిలో, ప్లాంటు కాంట్రాక్టర్ చేతిలో, సర్పంచ్ చేతిలో మాత్రం ఫిర్యాదుల పుస్తకం. ఇందాక ఎందుకు ఆగుతున్నామో తర్వాత చెప్తా అన్నది ఇదే. ఊరు తన కరెంటు తనే చేసుకుని తన నీళ్లు తనే శుద్ధి చేసుకుంటే ఏ ఫైలూ పైకి రానక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఆ అధికారం వదులుకోవడం పైవాళ్లకి ఇష్టం లేదు. పల్లెల గురించి ఇన్ని మాటలు చెప్పే మనం పంచాయతీకి మెంబ్రేన్ కొనే స్వేచ్ఛ కూడా ఇవ్వలేదు.

ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ కింద 78 వేల రూపాయల సబ్సిడీ వస్తోంది, సంతోషం. ఊరంతా తాగే నీళ్ల ప్లాంటుకి ఆ సబ్సిడీ వర్తించదు, ఎందుకంటే అది ఇల్లు కాదు. ఈ ఒక్క రూల్ మార్చమని మన ఎంపీలు పార్లమెంటులో అడగొచ్చు. రాష్ట్రం చేయాల్సింది ఆర్‌డబ్ల్యూఎస్, నెడ్‌క్యాప్ రెండూ కలిపి ఒకే శాంక్షన్ ఇవ్వడం, మూతపడ్డ 2 రూపాయల ప్లాంట్లలో షెడ్డూ బోరూ బాగున్నవి ముందు తీసుకుని వాటికే ప్యానెళ్లు బిగించడం, ఫ్లోరైడ్ ఊళ్లతో మొదలుపెట్టడం, క్యాన్ల డబ్బులు పంచాయతీ పేరున విడిగా ఒక ఖాతాలో ఉంచి దాన్ని డిస్కమ్ గానీ ఇంకెవరు గానీ తాకకుండా జీవో ఇవ్వడం. శుద్ధిలో బయటికి పారబోసే ఉప్పు నీళ్లు (రిజెక్ట్) ఎక్కడికి పోతాయో డ్రాయింగ్‌లో చూపించని ప్లాంటుకి బిల్లు పాస్ చేయకూడదు, ఆ ఉప్పంతా మళ్లీ అదే బోరులోకి దిగితే చేసిందంతా వృథా.

2021లో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం అయిదేళ్లే, 16వ ఆర్థిక సంఘం అయిదేళ్ల లెక్క కూడా 2026 ఏప్రిల్ నుంచే. కొత్త పాలకవర్గం, కొత్త నిధులు ఒకేసారి వచ్చే సందర్భం ఇది. పంచాయతీ ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఒక్కర్నీ మన ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎంత, టీడీఎస్ ఎంత, వాటర్ ప్లాంటు కరెంటు బిల్లు నెలకెంత అని అడగండి, చెప్పలేకపోతే ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌లో టెస్ట్ చేయించి ఆ కాగితం పట్టుకుని మళ్లీ రమ్మనండి.