శ్రీయుత సీలింగ్ ఫ్యాను గారికి

ఆర్యా,

విషయం: మా పక్క ఫ్లాటులోని చిలుక సంరక్షణ బాధ్యతలు తమకు అప్పగించిన సందర్భంగా అభినందనలు, కొన్ని మనవులు.

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ ఇంట్లో నలుగురూ తలో దారిన పోతారు. పోయేముందు పంజరం తలుపు బార్లా తీసి, వీధి తలుపుకి మాత్రం రెండు తాళాలు వేస్తారు. ‘పాపం నోరులేని జీవి, రోజంతా బందీగా ఎందుకు అంకుల్, హాయిగా తిరగనివ్వండి’ అంటారు. కుక్కర్ విజిల్‌ని అచ్చు దింపి, మా ఆవిడ చేత గోడ ఇవతల స్టవ్ ఆపించిన జీవి అది. నోరు సంగతి అలా ఉంచండి. సాయంత్రం దాకా ఆ ఇంటికి పెద్దదిక్కు తమరే.

తమ అర్హతలను శంకించే సాహసం చేయను. 1200 మిల్లీమీటర్ల విగ్రహం. ఫుల్ స్పీడులో నిమిషానికి 300 పైచిలుకు చుట్లు. ఆ చిలుక, పేరు చిట్టి, దాని తూకమేమో 90 గ్రాములు, అదీ కడుపునిండా కొర్రలు తిన్నాక. ఇద్దరికీ రెక్కలున్నాయి కాబట్టి జత కుదురుతుందనుకున్నారు కాబోలు. మా పక్కింటివాళ్ళు మామూలు మనుషులు కారు లెండి. రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని తెలుసుకుని, పట్టుబట్టి కాక్‌టీల్ అనే ఆస్ట్రేలియా జాతి చిలుకని తెచ్చుకున్నారు. చట్టం దగ్గర అంత జాగ్రత్త. జాగ్రత్త అక్కడే అయిపోయింది.

‘ఫ్యాను ఆపే వెళ్తాం అంకుల్’ అని నాకు హామీ ఇచ్చారు. ఆపుతారు, కాదనను. కానీ బెజవాడ ఎండాకాలంలో సరిగ్గా వాళ్ళు చెప్పులు వేసుకునే వేళకే కరెంటు పోతుంది. ఆ ఇంట్లో ఇన్వర్టర్ లేదు. తమరు కదలకుండా ఉన్నారు కాబట్టి ఆగిపోయినట్టే అనుకుని, స్విచ్ వైపు చూడకుండానే తాళం వేసేస్తారు. చిట్టికి గదిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటంటే ఇష్టం, పక్షి కదా. కర్టెన్ రాడ్ మీద కాసేపు కూర్చుని, అక్కడ విసుగొస్తే తమ రెక్క మీదికి చేరుతుంది. దుమ్ము పట్టిన అంచుని ముక్కుతో గీకుతూ, ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తుంది. అప్పుడు కరెంటు వస్తుంది. తమరు పెద్దమనుషులు, మొదటి చుట్టు మెల్లగానే తిప్పుతారు. అది ఎగిరిపోతే మంచిదే. ఎగరబోయి తమ రెండో రెక్కకే ఎదురెళ్తే?

తమ జాతిలో కుర్రకారు ఇంకా చురుగ్గా ఉన్నారట, ఫోన్లోంచే తిరుగుతారట. ఇంట్లో అడుగుపెట్టేసరికి చల్లగా ఉండాలని, లిఫ్టు ఎక్కకముందే ఆన్ చేసే భాగ్యవంతులున్నారు. ఆ సమయంలో రెక్క మీద ఎవరున్నారో అడిగే బటన్ మాత్రం ఆ యాప్‌లో లేదు.

పాపం అంతా తమ నెత్తినే వేయడం న్యాయం కాదు. తమ సిబ్బందిలో నాకు అందరికన్నా భయం బాత్రూం బకెట్టు అంటే. చడీచప్పుడూ ఉండదు. పొద్దున పిల్లలు స్నానం చేసి, సగం నీళ్ళతో వదిలేసి పోతారు. పక్షికి దాహమేసి అంచు మీద వాలుతుంది. వంగుతుంది, జారుతుంది. ప్లాస్టిక్ గోడకు గోరు పట్టదు, తడిసిన రెక్క లేవదు. మనిషి ఉంటే చేయిపెట్టి తీసే పని. ఇక ఫోన్ ఛార్జర్ వైరుంది, చిలుక ముక్కుకి కొరకడమే ఉద్యోగం. హడావుడిలో స్టవ్ మీద వదిలేసిన నాన్‌స్టిక్ పెనం ఉంది. అది బాగా మాడితే వచ్చే పొగ మనుషులకు జ్వరం తెప్పించి వదిలేయవచ్చు, పక్షికి నిమిషాల్లో ప్రాణాలు తీస్తుంది. బల్ల మీద పిల్లలు కొరికి పడేసిన చాక్లెట్టూ విషమే. రెక్కలు కత్తిరించాం కాబట్టి భయం లేదంటారు కొందరు. అవును, ఎగిరి తప్పించుకునే వీలు కూడా లేదు.

ఇంతా చేసి హాల్లో కెమెరా పెట్టారు. గుంటూరులో పెళ్ళి భోజనాల దగ్గర కూర్చుని, పప్పులో నెయ్యి వేసుకుంటూ, ‘చూడండి అంకుల్, టీవీ మీద కూర్చుంది’ అని నాకు ఫోన్లో చూపించారు. ముచ్చటగానే ఉంది. అది బకెట్టు వైపు వెళ్తే ఆ కెమెరా లేచి వెళ్తుందా అని అడగబోయాను, ఈలోగా పెరుగు వచ్చింది.

పంజరాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. రెండు రెక్కలూ పూర్తిగా చాపడానికి చోటులేని గుండ్రటి బుట్టలు అమ్మేవాళ్ళంటే నాకూ ఒళ్ళుమంటే. కానీ వెడల్పుగా, రెండు మూడు కొమ్మలతో, కొరకడానికి చెక్కముక్కలతో ఉన్న పంజరం దానికి పడగ్గది. మనుషులు ఇంట్లో ఉండి, తమరు ఆగి ఉండి, బాత్రూం తలుపు మూసి ఉన్నప్పుడు గంటో రెండు గంటలో బయట తిప్పమనే పక్షులు పెంచేవాళ్ళు చెప్తారు. వీళ్ళు తిరగేసి పట్టుకున్నారు. సాయంత్రం ఇంటికి రాగానే, సోఫా మీద రెట్టలు వేస్తోందని దాన్ని పంజరంలో పెట్టి తలుపు మూస్తారు. ఎవరూ లేనప్పుడు స్వేచ్ఛ, అందరూ ఉన్నప్పుడు జైలు.

కాబట్టి నా మనవి ఒక్కటే. వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ‘ఏం కాదులే అంకుల్, దానికి అలవాటైపోయింది’ అంటున్నారు. దానికి అలవాటైతే అయి ఉండొచ్చు, తమకు అయినట్టు లేదు. వీలైతే ఈ వేసవి అయ్యేదాకా తమ కెపాసిటర్‌ని కాల్చేసుకోవలసిందిగా ప్రార్థన. మెకానిక్ ఎలాగూ వారం దాకా రాడు.

ఇట్లు,
చిట్టి తరఫున, పక్క ఫ్లాటు అంకుల్

నకళ్ళు:
బాత్రూం బకెట్టు గారికి, బోర్లా పడుకోవలసిందిగా కోరుతూ.
హాలు కెమెరా గారికి, చూస్తూ ఊరుకునే స్వభావం ఉన్నందున, కేవలం సమాచార నిమిత్తం.