మహారాజశ్రీ ద్రవ్యలోటు గారికి తిరుపతి నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ద్రవ్యలోటు గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. గవర్నమెంట్లు రాబడి కంటే ఎక్కువ ఖర్చు పెట్టి, ఆ తేడాకు అప్పు చేస్తే పుట్టేవారే కదా మీరు. ఇక్కడ మేమంతా ఏదో ఉండాము, మీరు మాత్రం వాషింగ్టన్లో, ఢిల్లీలో, మా అమరావతిలో కూడా దినదిన ప్రవర్ధమానం అవుతా ఉండారని పేపర్లో చూసినాం. సంతోషించాలా ఏడవాలా అనేది మాత్రం ఇప్పుడే చెప్పలేం సార్, ఎవరు అధికారంలో ఉండారో ఒకసారి చూసుకుని చెప్తాం.

అప్పులంటే మాకేం కొత్త కాదు. మా సామే పెళ్ళి ఖర్చుకు కుబేరుడి దగ్గర నోటు రాసిచ్చినాడు, బ్రహ్మ శివుడు సాక్షులు, కలియుగం అయిపోయేదాకా వడ్డీ, అసలు సంగతి ఆ తర్వాత. అందుకే వడ్డీకాసులవాడు అంటాం. కానీ ఆ నోటు బంగారు నాణేల్లో రాసింది, అక్కడుంది తిరకాసు. సామికి నోట్లు ప్రింట్ కొట్టి తీర్చే సౌకర్యం లేదు, అప్పు లిమిట్ పెంచుతావా లేదంటే ఎగ్గొట్టేదా అని కుబేరుణ్ణి బెదిరించే సౌకర్యమూ లేదు. హుండీ నిండాల, పరకామణిలో లెక్క తేలాల, వడ్డీ పోవాల, అంతే. మీ పెద్దింట్లో, అదే అమెరికాలో, కత వేరే. అప్పు వాళ్ళదే, అప్పు రాసుకున్న డాలరూ వాళ్ళదే, ఆ డాలర్ కొట్టే మిషనూ వాళ్ళదే.

ఆ డాలర్ కూడా ఒకప్పుడు బంగారానికి కట్టేసి ఉండేది కదా సార్, ఔన్సుకు 35 డాలర్లు అని. వియత్నాం యుద్ధం ఒక పక్క, ఇంట్లో కొత్త పథకాలు ఇంకో పక్క, రెండిటికీ కలిపి ఖర్చు పెట్టి పెట్టి, బయటి దేశాల దగ్గర డాలర్లు కుప్పలైపోయి, ఫ్రాన్స్ లాంటోళ్ళు ఈ కాగితాలు మాకెందుకు బంగారం ఇయ్యండి అని క్యూ కట్టేసరికి 1971 ఆగస్టు 15న నిక్సన్ గారు టీవీలోకి వచ్చి ఇంక బంగారం లేదు పొండి అనేసినాడు. మా స్వాతంత్ర్య దినం రోజే డాలర్ కూడా స్వాతంత్ర్యం తెచ్చుకునింది! యూరప్ వాళ్ళు ఇదేం అన్యాయం అంటే ఆయన ఆర్థిక మంత్రి కానలీ డాలర్ మాది, ప్రాబ్లం మీది అని మొహం మీదే చెప్పినాడంట. ఇంత నిజాయితీగా మాట్లాడిన ఆర్థిక మంత్రి ఆ తర్వాత ఏ దేశంలోనూ నాకు కనపడలా.

అసలు మీ గురించి నాకు అర్థం కానిది ఒకటే. మీరు ప్రతిపక్షం బెంచీల నుంచి చూస్తే రాక్షసుడి మాదిరి కనపడతారు, అధికార పక్షం బెంచీల నుంచి చూస్తే ఇంటి అల్లుడి మాదిరి. మనిషి మారలేదు, కుర్చీ మారింది. 2006లో ఒబామా సెనేటర్‌గా ఉన్నప్పుడు అప్పు సీలింగ్, అంటే గవర్నమెంట్ ఇంతకు మించి అప్పు చేయకూడదని చట్టం గీసిన గీత, దాన్ని పెంచడానికి ఒప్పుకోను అని ఓటేసినాడు, ఐదేళ్ళు తిరిగేసరికి ఆయనే ప్రెసిడెంట్‌గా సీలింగ్ పెంచండి మహాప్రభో అని అడుక్కుంటా ఉండాడు, అప్పుడు అవతల రిపబ్లికన్ పార్టీ వాళ్ళు మీ పేరు చెప్పి దేశం మునిగిపోతుందని గుండెలు బాదుకుని 2011లో ఎగవేత అంచుదాకా తీసుకుపోయి అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే స్టాండర్డ్ అండ్ పూర్స్ కంపెనీ చేత అన్నిటికంటే పై మార్కు, ట్రిపుల్ ఏ రేటింగ్ పీకించేసినారు. సరే ఎంత పట్టుదల అనుకున్నాం. 2017లో వాళ్ళ గవర్నమెంటే వచ్చింది, పన్నులు కోసినారు, ఎకానమీ బ్రహ్మాండంగా ఉన్న 2019లో కూడా మీరు దాదాపు లక్ష కోట్ల డాలర్లకు చేరినారు, ఒక్కడు నోరెత్తలా. 2023లో బైడెన్ ఉండేసరికి మళ్ళీ మీరు రాక్షసుడు, మళ్ళీ సీలింగ్ గొడవ, ఫిచ్ వాడు కూడా రేటింగ్ తగ్గించినాడు. 2025లో ట్రంప్ మళ్ళీ వచ్చినాడు, మే నెలలో మూడీస్ వాడూ పీకేసినాడు, అయినా జులై 4న ఒకే బిల్లులో సీలింగ్‌ని 5 లక్షల కోట్ల డాలర్లు పైకి లేపినారు, 36.1 నుంచి 41.1కి. 1960 నుంచి లెక్క తీస్తే 78 సార్లకు పైనే సవరించినారంట ఆ సీలింగ్‌ని, రెండు పార్టీల వాళ్ళూ. అన్నిసార్లు లేపితే దాన్ని సీలింగ్ అంటారా లిఫ్ట్ అంటారా మీరే చెప్పాల.

మధ్యలో క్లింటన్ టైంలో 1998 నుంచి 2001 దాకా మీరు కనపడకుండా పోయినారు, మిగులు బడ్జెట్ అంట. ఆ పాపం ఎక్కువ రోజులు నిలవలా. పన్ను కోతలు, ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్, ఇంకేముంది మీరు సకుటుంబ సపరివార సమేతంగా తిరిగొచ్చేసినారు.

మిలిటరీ దగ్గర మీ మాయ ఇంకా బాగుంటుంది. పేదోడికి తిండి సాయం, అదే ఫుడ్ స్టాంపులు అనే మాట వస్తే చాలు మీరు సభలో ప్రత్యక్షమైపోతారు, అప్పు మన మనవళ్ళ మీద పడుతుంది అని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, అదే సాయంత్రం యుద్ధనౌకకు డబ్బులంటే మీరెక్కడో మాయం, మనవళ్ళూ మాయం. వాళ్ళ రక్షణ శాఖ పెంటగాన్‌కి 2018 నుంచి ప్రతి ఏడూ ఆడిట్ జరుగుతా ఉంది, ఒక్కసారి పాస్ కాలా. మా వీధిలో పిల్లోడు ఇంటర్ రెండుసార్లు తప్పితేనే మేకలు కాయడానికి పంపుతామన్నారు సార్, వీళ్ళకేమో తప్పినకొద్దీ బడ్జెట్ పెంచుతారు. యుద్ధాలొద్దు శాంతి కావాల అనే అవతల పార్టీ ఎంపీ కూడా తన నియోజకవర్గంలో ఫైటర్ జెట్ రెక్కకు బోల్టులు చేసే ఫ్యాక్టరీ ఉంటే ఆ జెట్ దేశానికి చాలా అవసరం అంటాడు. ఐసెన్‌హోవర్ 1961లో దిగిపోయేటప్పుడు ఈ సైన్యం, ఆయుధ కంపెనీల దోస్తీతో జాగ్రత్త నాయనా అని చెప్పి పోయినాడు, అదీ ఐదు నక్షత్రాల జనరల్ అయ్యుండి. దిగిపోయేటప్పుడు చెప్పేదానికేం, ఎవురైనా చెప్తారు.

ఇంత చేస్తే ఏమైంది? 2024 ఆర్థిక సంవత్సరంలో మీరు 1.8 లక్షల కోట్ల డాలర్లు, మీ పాత అప్పుల మీద వడ్డీ ఏకంగా వాళ్ళ డిఫెన్స్ ఖర్చునే దాటేసింది. ప్రపంచంలో అందరికంటే పెద్ద సైన్యం ఖర్చు వాళ్ళది, దాన్ని ఓడించింది రష్యా కాదు చైనా కాదు, వడ్డీ.

ఇదంతా నీకెందుకు రా అంటారేమో. మా యూనివర్సిటీ గ్రౌండ్‌కి పొద్దున ఒకసారి వచ్చి చూడండి సార్. వాకింగ్ అని పేరే కానీ రెండు రౌండ్లు కొట్టి టౌన్ క్లబ్ దగ్గర టీ బంకులో చేరేది మీ గురించి కొట్లాడుకోడానికే. డాలస్ మామ అని ఒకాయన ఉండాడు, కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్. ఆయన పక్కా రిపబ్లికన్, ఓటు లేదు, వీసా కూడా రెండుసార్లు రిజెక్ట్ అయింది, అయినా రిపబ్లికన్. ఆయనకు ఎదురు మా ఎకనామిక్స్ సార్, రిటైర్డ్ లెక్చరర్, గడ్డుకాలంలో గవర్నమెంట్ అప్పు చేసైనా ఖర్చు పెట్టాల అన్న ఆర్థికవేత్త కెయిన్స్ పేరు లేకుండా టీ కూడా తాగడు. మధ్యలో సుబేదార్ మామ, చిత్తూరు పక్క పల్లె, ఆర్మీలో చేసి వచ్చినాడు, ఆయన ఎవరి పార్టీ అయినా సరే డిఫెన్స్ జోలికొస్తే ఊరుకోడు.

మొన్నొకరోజు డాలస్ మామ మొదలుపెట్టినాడు, "దేశమంటే ఇల్లు మాదిరి సార్, వచ్చేదానికంటే ఎక్కువ ఖర్చు పెడితే ఇల్లు మునుగుతుంది." ఎకనామిక్స్ సార్ గ్లాసు కింద పెట్టి, "అయితే మామా, మీ ఇంట్లో నోట్లు ప్రింట్ చేసే మిషన్ ఏ రూములో పెట్టినావు? మీ ఆవిడ బాండ్లు అమ్మితే జపానోడు కొంటాడా?" అన్నాడు. మామకు కోపం వచ్చేసింది. "నువ్వు ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంతే, పిల్లకాయలకు అర్థం కాకుండా చెప్పి పాస్ చేసేవాడివి" అన్నాడు. సార్ చెప్పింది కరెక్టే అని నాకనిపించింది కానీ మిషన్ ఉంది కదా అని ఎంతదాకా కొడతారు అనేదానికి ఆయన దగ్గరా ఆన్సర్ లేదు, ధరలు పెరగనంత వరకూ అంటాడు, ధరలు పెరిగినాక అది సప్లై ప్రాబ్లం అంటాడు. బంకు అబ్బాయి మాత్రం ఇదేం పట్టించుకోకుండా టీ రేటు పెంచేసినాడు, వాడి లోటు వాడికి తెలుసు.

డాలర్ బలం దగ్గరికొచ్చేసరికి డాలస్ మామ ఇంట్లోనే రెండు పార్టీలు. కొడుకు డబ్బులు పంపించే రోజు రూపాయి పడాల, కరకంబాడి రోడ్డులో ప్లాటు వాయిదా కట్టాల కదా. కూతురికి ఎమ్మెస్ అడ్మిషన్ వచ్చింది, ఆ ఫీజు కట్టే రోజు రూపాయి లేవాల. ఆయన ఫోన్లో రేటు చూసుకుని ఒకే పొద్దున మోడీని ఒకసారి తిట్టి ఒకసారి మెచ్చుకోవడం నేను కళ్ళారా చూసినా. పాపం ఆయన్ని మాత్రమే అంటే ఎట్ల, ట్రంప్ గారు కూడా నాకు బలమైన డాలరంటేనే ఇష్టం, కాకపోతే బలహీనమైన డాలర్‌తో డబ్బులు ఎక్కువొస్తాయి అని ఒకే ఊపిరిలో అన్నాడు 2025 జులైలో.

మా రూపాయి కత మీకు తెలియనిదేం కాదు. 1947లో ఒక రూపాయికి ఒక డాలర్ వచ్చేది అని వాట్సాప్‌లో ఏటా ఆగస్టుకు ఒక మెసేజ్ తిరుగుతుంది, అబద్ధం, అప్పుడే ఒక డాలర్‌కి 3 రూపాయల 30 పైసల చిల్లర ఉండేది, పౌండుకు కట్టేసి ఉన్నాం కాబట్టి. చైనాతో, పాకిస్తాన్‌తో రెండు యుద్ధాలు, కరువు, బయటి సాయం ఆగిపోవడం, అన్నీ కలిసి 1966 జూన్‌లో 4.76 నుంచి 7.50కి ఒక్కరాత్రిలో దించేసినారు. 1991లో డాలర్లు నిండుకుని మన దేశం బంగారం విమానాల్లో పోయి కుదువలో కూర్చునింది, దాంట్లో మీ చెయ్యి ఎంతుందో మీకే ఎరుక. 2013లో 68కి పడితే అప్పటి ప్రతిపక్షం రూపాయి పరువు పోయిందని ఊగిపోయింది. 2022లో వాళ్ళ ఆర్థిక మంత్రే రూపాయి పడలా, డాలర్ బలపడింది అంతే అని చెప్పినారు. సరే ఒప్పుకున్నాం. మరి 2025 మొదటి ఆరు నెలల్లో డాలరే యూరో, పౌండ్ లాంటి పెద్ద కరెన్సీల ముందు మొత్తమ్మీద పది శాతం పైనే చతికిలబడింది కదా, అయినా డిసెంబర్లో మన రూపాయి 90 దాటింది. పడేవాడి కంటే కింద పడాలంటే ఎంత టాలెంట్ ఉండాల సార్! ఇప్పుడు పరువు గురించి ఊగేది 2013లో సర్దిచెప్పినోళ్ళు.

రూపాయి పడితే ఎగుమతులకు మంచిది అని ఎకనామిక్స్ సార్ అంటాడు. పుస్తకం ప్రకారం నిజమే. మా చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి గుజ్జు డ్రమ్ముల్లో విదేశాలకు పోతుంది, డాలర్ లెక్కన డబ్బులొస్తాయి. 2025 సీజన్లో రైతు ట్రాక్టర్లేసుకుని గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి పడిగాపులు కాసినాడు, చివరికి ఫ్యాక్టరీ కిలోకి 8 ఇయ్యాల, గవర్నమెంట్ 4 వేస్తుంది అని తేల్చినారు. రూపాయి పడిన లాభం డ్రమ్ము దాకా వచ్చింది, చెట్టు దాకా రాలా. ఆ 4 రూపాయలు మాత్రం మీ ఖాతాలో రాసుకున్నారు, ఉచితాలతో రాష్ట్రం నాశనం అని ఒకాయన టీవీలో చెప్తా ఉంటే విన్నా.

ఇక మా శ్వేతపత్రాలు. గవర్నమెంట్ మారగానే ముందు మీ ఫోటోకి దండేసి, అంతా పోయినోళ్ళే చేసినారు అని ఒక పుస్తకం వేస్తారు. 2019 జులైలో జగన్ గవర్నమెంట్ వేసింది, 2024 జులైలో చంద్రబాబు గవర్నమెంట్ వేసింది, అదే ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలో మోడీ గవర్నమెంట్ శ్వేతపత్రం అంటే కాంగ్రెస్ వాళ్ళు నల్లపత్రం వేసినారు. తెలుపైనా నలుపైనా హీరో మీరే. 2003లో మిమ్మల్ని దేశం మొత్తం సంపాదనలో (జీడీపీలో) 3 శాతానికి కట్టేస్తామని పార్లమెంటులో చట్టం కూడా చేసినారు, 2025-26 బడ్జెట్లో మీరు 4.4 శాతం, అదే పెద్ద విజయం అని బల్లలు చరిచినారు. అదే బడ్జెట్లో డిఫెన్స్‌కి 6.81 లక్షల కోట్లు, వడ్డీలకు 12.76 లక్షల కోట్లు. అంటే సరిహద్దులో కాపలా కాసేవాడికి ఒక రూపాయి అయితే మీ పాత బాకీలకు దాదాపు రెండు. ఈ లెక్క చెప్తే డాలస్ మామ కూడా కాసేపు మాట్లాడలా.

కాబట్టి సార్, మిమ్మల్ని పొమ్మనే ధైర్యం మాకు లేదు, పోతే ముందు మా పెన్షన్లూ రోడ్లే పోతాయని మాకు తెలుసు. ఒక్క చిన్న మనవి. ఎన్నికలప్పుడు మీరు ఏ పార్టీలో ఉండారో కాస్త ముందుగా చెప్పండి, టీ బంకులో ఎవరి పక్క మాట్లాడాలో తెలీక ఇబ్బందిగా ఉంది. మామ కూతురి ఫీజు ఆగస్టులో కట్టాల, ఆ వారం రూపాయిని కొంచెం పట్టుకోండి, కొడుకు డబ్బులు సెప్టెంబర్లో పంపుతాడు, అప్పుడు వదిలేయండి.

ఇట్లు
మీ వడ్డీ కట్టే కోట్ల మందిలో ఒకడు
తిరుపతి

తా.క.: ఈ ఉత్తరం సుబేదార్ మామకు చదివి వినిపించినా. అంతా విని, బాగా గడ్డి పెట్టినావు రా అబ్బోడా అని భుజం తట్టి, జీతాలూ పెన్షన్లూ పెంచే ఎనిమిదో పే కమిషన్ ఎప్పటికి అమలవుతుందో కూడా ఆయన్నే అడుగు అన్నాడు. డిఫెన్స్ పెన్షన్లే 1.6 లక్షల కోట్లు మామా, అది వస్తే లోటు ఇంకా పెరుగుతుంది కదా అన్నా. "పెరిగితే పెరగనీలే, అది వేరే లోటు" అన్నాడు.