సవరణ: తపాలా ముద్ర పడిన స్టాంపు ప్రతిసారీ చవకేం కాదు

"వాడని స్టాంపుకే ఎక్కువ ధర" అని గత పోస్టులో ఉన్న మాట అన్నింటికీ వర్తించదు. 1923లో జర్మనీలో అక్కడి కరెన్సీ మార్కు విలువ రోజురోజుకీ పడిపోతుంటే 5,000 కోట్ల మార్కుల స్టాంపు దాకా అచ్చయ్యాయి, అదీ కుప్పలుగా. వాటిలో చాలావరకు కొద్దికాలానికే ఎందుకూ పనికిరాకుండా పోయాయి. అలా వాడకుండా మిగిలినవి ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. అప్పట్లో నిజంగా ఉత్తరం మీద వెళ్లినవి తక్కువ కాబట్టి వాటికే గిరాకీ. ఇంకేం, దొంగ ముద్రలూ పుట్టుకొచ్చాయి! తేదీ, ఊరు స్పష్టంగా కనిపిస్తున్నా నిపుణుల సర్టిఫికెట్ లేనిదే ఎక్కువ పెట్టి కొనొద్దు.

ముద్ర ఉన్నా వెనక జిగురు చెక్కుచెదరలేదంటే అది బహుశా సేకరించేవాళ్లకు అమ్మడానికే కొట్టిన ముద్ర. దానికి పెద్దగా ధర రాదు. పాత కవరు మీదున్న స్టాంపును మాత్రం నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి, చాలాసార్లు విలువంతా ఆ కవరుతోనే.