జాకెట్టు ముక్కతో పిల్లకి గౌను

పోయిన నెల ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పిక్నిక్‌కి వచ్చినవాళ్ళందరికీ ఆ రోజు ఎండ గుర్తుండే ఉంటుంది. షెల్టర్ కింద కూడా నిలబడలేకపోయాం, పులిహోర ట్రే మీద ఫాయిల్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది, మజ్జిగ పన్నెండింటికల్లా అయిపోయింది. ఫోనులో చూస్తే 102 డిగ్రీల ఫారెన్‌హీట్. అంత ఎండలో పిల్లల ఫ్యాషన్ షో అని వాళ్ళని వరసగా స్టేజీ ఎక్కించాం. నెట్టు లెహంగాలు, లోపల క్యాన్‌క్యాన్, పైన జరీ ఓణీ, మగపిల్లలకి మెడ దాకా గుండీలున్న షేర్వాణీలు. నాలుగేళ్ళ బాబొకడు కాలర్ పట్టుకొని లాక్కుంటూ ఏడుపుమొహం పెడితే, వాళ్ళమ్మ కింది నుంచి "ఒక్క ఫోటో నాన్నా, ఒక్కటే" అంటోంది. ఆ అమ్మని తప్పుపట్టను, రెండేళ్ళ కిందట ఆ పని నేనూ చేశాను.

మా అమ్మాయికి ఏడేళ్ళు. నేను కుట్టిన చేతుల్లేని గౌను వేసుకొని ఎక్కింది. మైకు పట్టుకున్నావిడ ప్రతి పిల్లనీ "ఏ బొటీక్ బంగారం?" అని అడుగుతూ వచ్చి దీన్నీ అడిగింది. "మా అమ్మ కుట్టింది" అని ఇది గట్టిగానే చెప్పింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అయ్యో, ఇండియా పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోయిందా తల్లీ!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తల్చుకుంటే నా నవ్వే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆవిడ మీద కోపంతో రాయడం లేదు. సంక్రాంతికి అంతమందికి అరిసెల పాకం ఒక్కచేత్తో పట్టిన మనిషి, ఎవరింట్లో ఎవరికి బాగాలేకపోయినా ముందు చారు పట్టుకెళ్ళే మనిషి. నోరు జారింది, అంతే. కానీ ఆ మాటకి అంతమందికి ఠక్కున నవ్వొచ్చిందంటే, ఇంట్లో కుట్టిన బట్టంటే గతిలేక వేసుకున్నదన్న లెక్క మన అందరి బుర్రల్లోనూ ముందే ఉందన్నమాట.

ఇంటికొచ్చాక పిల్ల ఏమీ అనలేదు. గౌను విప్పి ఉతికే బట్టల బుట్టలో అన్నిటికంటే అడుగున పెట్టింది. అలా అడుగున పెట్టడం నాకు బాగా తెలుసు. ఎలా తెలుసో తర్వాత చెప్తాను, ముందు ఆ గౌను సంగతి.

పోయిన డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు పెడనలో ఆరు మీటర్ల అద్దకం గుడ్డ కొన్నాను. చెక్క అచ్చులతో చేత్తో అద్దిన అసలు కలంకారీ, కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన నూలు గుడ్డ మీద, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నలుపు. కొత్తలో ఒకలాంటి వాసనేస్తుంది, నాకు ఇష్టం, మా ఆయనకి పడదు. దాన్ని పెట్టెలో కందిపొడికీ ఆవకాయ సీసాకీ మధ్య మెత్తగా ఉంటుందని సర్దాను. ఆ తర్వాత ఏమైందో మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇరవైమూడు కిలోల పెట్టెలో ఆవకాయ కారకుండా వచ్చినవాళ్ళుంటే చెప్పండి, కాళ్ళకి దణ్ణం పెడతాను. రెండు మీటర్ల మీద నూనె దిగింది. శనగపిండి రుద్దాను, గిన్నెలు తోమే సబ్బు రుద్దాను, పోలేదు. చివరికి మరక తప్పించి కోశాను.

కొయ్యడానికి ముందు రెండుసార్లు విడిగా తడిపి ఆరేశాను. ఈ బుద్ధి ఊరికే రాలేదు, మొదటిసారి తడపకుండా కుట్టిన గౌను ఒక్క ఉతుకుతో మోకాళ్ళ పైకి పోయింది. కాగితం కటింగు మన సంఘం పత్రిక పాత సంచికలతోనే చేశాను, సంపాదకులు క్షమించాలి. రియల్టర్ల ప్రకటనలు పేజీ నిండా ఉంటాయి కాబట్టి నాలుగు అతికిస్తే ఏడేళ్ళ పిల్ల ముందు భాగం సరిపోయింది, వెనక భాగానికి ఒక పళ్ళ డాక్టరుగారు పనికొచ్చారు. చంక దగ్గర గుండ్రం తిప్పడానికి గుడ్డని క్రాసుగా కోసి పైపింగ్ వెయ్యాలి, అక్కడే మూడుసార్లు విప్పి కుట్టాను. కింద అంచు రెండంగుళాలు లోపలికి మడిచి వదిలాను, వచ్చే ఎండాకాలానికి దించుకోవచ్చని. రెండు శనివారాలు పట్టింది. లైనింగు లేదు, జిప్పు లేదు, వీపున రెండు గుండీలు. ఆ రోజు స్టేజీ మీద చెమటకి వీపు గోక్కోని ఆడపిల్ల మాదొక్కతే, ఈ మాత్రం గొప్ప నన్ను చెప్పుకోనివ్వండి.

ఇక అడుగున పెట్టడం గురించి. మాది తెనాలి దగ్గర పల్లె. వేసవి సెలవులు ఇవ్వగానే నాన్న బెజవాడలో వస్త్రలత బట్టల మార్కెట్టుకి వెళ్ళి ఒక తాను తెచ్చేవారు, పన్నాకీ మీటరుకీ లెక్క వేసి మా ముగ్గురు అక్కచెల్లెళ్ళకీ అందులోనే. మిగిలిన ముక్కలు దిండు గలీబులు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోతే అమ్మ ఉషా మిషనుని కిటికీ దగ్గరికి ఈడ్చుకొని, వడగాలికి తడి తువ్వాలు నెత్తిన వేసుకొని తొక్కేది.

ఇదంతా చదివి మా అమ్మని ఏదో దేవతలా ఊహించుకోకండి. డబ్బుల్లేక కుట్టింది. విసుక్కుంటూ కుట్టింది. నోట్లో గుండుసూదులు పెట్టుకొని "కదలకే" అని వీపు మీద ఒక్కటిచ్చేది. గుడ్డలు కోసే కత్తెరతో కాగితం కోసినందుకు మా చెల్లి తిన్న దెబ్బలు ఇప్పటికీ మా ఇంట్లో కథ. పక్కింటివాళ్ళు "కాస్త రెండు కుట్లే కదా వదినా" అని జాకెట్లు పడేసి పోతే కాదనలేక రాత్రి పదకొండు దాకా తొక్కి, ఆ చిరాకంతా మా మీద తీర్చుకునేది. ఒక్కరూ పైసా ఇచ్చిన పాపాన పోలేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మే నెలలో ఒక పెళ్ళి. మా ముగ్గురికీ పసుప్పచ్చ పూల గుడ్డతో ఒకేలాంటి గౌన్లు. పందిట్లో ఒకావిడ "ముగ్గురికీ ఒకే తానా వదినా, బ్యాండుమేళంలా ఉన్నారు" అంది. అమ్మ నవ్వింది. మర్నాడు ఆ గౌనుని నేను కావాలని మేకుకి తగిలించి చించాను, చించి బట్టల మూటలో అన్నిటికంటే అడుగున పెట్టాను. బెసెంట్ రోడ్డులో అద్దాల షాపులో బొమ్మకి వేసిన రెడీమేడ్ ఫ్రాకు కావాలి నాకు. అమ్మకి తెలిసే ఉంటుంది, మేకుకి తగిలిన చిరుగు అంత తిన్నగా రాదు. ఏమీ అనకుండా దాన్ని విప్పి దిండు గలీబు చేసింది. పదో తరగతి అయ్యేదాకా నేను దాని మీదే పడుకున్నాను.

ఇప్పుడు రెండోవైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ఇక్కడ కుట్టుకుంటే డబ్బులు మిగలవు. మంచి నూలు గుడ్డ గజం పన్నెండు డాలర్లకి తెచ్చి నేను కుస్తీ పడుతుంటే, పెద్ద షాపులో పిల్లల గౌను తొమ్మిదికి వేలాడుతూ ఉంటుంది. 1943లో ఒహాయోలో మొదలైన జోయాన్ అనే గుడ్డల షాపుల సంస్థ 2025 మే చివరికల్లా దేశమంతా మూతపడింది, గుడ్డ చేత్తో తడిమి కొనుక్కునే చోటు చాలామందికి పోయింది. ఉద్యోగం, వంట, పిల్లల ఈత క్లాసుల తర్వాత మిషను ముందు కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? బొటీకులంటే నాకు పగ కూడా లేదు, అక్కడి మగ్గం వర్కు కార్మికుల పొట్ట వాటి మీదే నిండుతుంది, మా చెల్లెలి పెళ్ళికి నేనూ చేయించుకున్నాను. కాకపోతే 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్సిళ్ళకున్న సుంకం మినహాయింపు పోయింది కదా, ఆ కస్టమ్స్ జోకు నా కూతురి కంటే మిగతావాళ్ళకే బాగా సరిపోతుంది. తొమ్మిది డాలర్ల గౌనంటారా, అదీ ఎవరో ఒకమ్మ మిషను తొక్కి కుట్టిందే. 2013 ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు, ఇలాంటి బట్టలు కుట్టేవాళ్ళే. చవక అన్న మాట దగ్గర నాకు అది గుర్తొస్తుంది, గుర్తొచ్చినా ఒక్కోసారి కొంటాను.

గుడ్డ కొనాలని ఎవరన్నారు అసలు? మీ అల్మరా పై అర తియ్యండి. వరలక్ష్మీ వ్రతం, నవరాత్రుల బొమ్మల కొలువు, సీమంతం, గృహప్రవేశం, వెళ్ళిన ప్రతి ఇంటి నుంచీ తాంబూలంలో జాకెట్టు ముక్క. మనం వాటిని కుట్టించుకోం, ఇంకొకరికి ఇస్తాం. మొన్న లెక్కపెడితే మా ఇంట్లో నలభైమూడు తేలాయి. ఒకటి మూడేళ్ళ కిందట నేనే ఎవరికో ఇచ్చింది, కవరు మీద నా పసుపు వేలిముద్రతో సహా తిరిగొచ్చింది. వీటిలో సగం పాలియెస్టర్, పిల్లలకి పనికిరావు. మూల నుంచి ఒక పోగు లాగి కాల్చండి, కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా చుట్టుకుంటే పక్కన పడెయ్యండి. మంచి టూ బై టూ ముక్కలు రెండుంటే నాలుగేళ్ళ పిల్లకి గౌను, ఒకటి పైభాగానికి, ఇంకొకటి కుచ్చులకి. రంగులు కలవకపోయినా పిల్లలకి బాగానే ఉంటుంది.

కుట్టడం రాదంటారా. వచ్చినవాళ్ళు మన ఇళ్ళలోనే ఖాళీగా కూర్చొని ఉన్నారు. ఏటా ఎండాకాలం మన అమ్మలు, అత్తగార్లు ఆరు నెలలకి వస్తారు, మనం ఆఫీసు పనిలో పడితే వాళ్ళు సీరియళ్ళు చూస్తూ, కారు నడపడం రాక, ఎప్పుడు వెళ్దామా అని రోజులు లెక్కపెడుతుంటారు. మా పక్కవీధిలో జగిత్యాల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది. నా మిషను కుట్టు వదిలేస్తోందని రెండు వారాలు వీడియోలు చూసి జుట్టు పీక్కున్నాను. ఆమె వచ్చి ఒక్కసారి చూసి, "బిడ్డా, కింది దారం లూజైంది గదా" అని బాబిన్ కేసు మర అరసుట్టు తిప్పింది, అంతే. ఇరవై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిందట. అమెరికా వచ్చి నాలుగు నెలలైతే, నీకేం వచ్చు అని తనని అడిగిన మొదటి మనిషిని నేనేనంది.

కార్యవర్గానికి నా మనవి ఇది. వచ్చే పిక్నిక్‌లో ఫ్యాషన్ షో తీసెయ్యమనను, పిల్లలకి సరదా. దాని పక్కనే నీడలో ఒక బల్ల వెయ్యండి. కుట్టడం వచ్చిన పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి, పిల్లలు గుండీ కుట్టుకోనీ, సంచీ కుట్టుకోనీ, వంకరగా కుట్టుకోనీ. ఊరికే చేయించుకోకండి మాత్రం, గౌరవంగా ఎంతో కొంత చేతిలో పెట్టండి. మా అమ్మ విషయంలో జరిగింది ఇక్కడ జరగొద్దు. మైకు పట్టుకునేవాళ్ళు "ఏ బొటీక్" అనే ప్రశ్న మానేసి, "ఎవరు కుట్టారు" అని అడగండి.

మిషన్లు నా దగ్గర రెండున్నాయి, తెస్తాను. దారాలు జోయాన్ మూసేసేటప్పుడు కొన్నవి డబ్బానిండా ఉన్నాయి. సంఘం ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెస్తే చాలు, పోయినసారిలా మరిచిపోకుండా. జాకెట్టు ముక్కలు మీరు తెండి. వాటిలో నేనిచ్చినవి ఉన్నా ఏమీ అనుకోను.